పారేసిన నవల

తమ్ముడూ,

నీ నవల అందింది. 140 పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క రాత్రిలో చదివేశాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని నెమ్మదిగా చదివాను, అందుకే జవాబు ఇంత ఆలస్యమైంది. ఈలోగా నువ్వు పెట్టిన రెండో మెసేజ్‌లో నీ టెన్షన్ అంతా కనిపించింది. రాసింది ఇంకొకరి చేతిలో పెట్టి ఎదురుచూడటం ఎలా ఉంటుందో ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్న నాకూ తెలుసు.

నువ్వు అడిగినవి రెండు. దీన్ని అచ్చుకు పంపొచ్చా అనేది ఒకటి, అసలు నేను రచయితనేనా అనేది ఇంకొకటి. రెండోదాని సంగతి ముందు చూద్దాం. 1938 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒకాయన తన డైరీలో, నేను రచయితను కాను, నన్ను నేనూ మోసం చేసుకుంటున్నాను, జనాన్నీ మోసం చేస్తున్నాను అని రాసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 36, అచ్చులో అరడజను పైగా పుస్తకాలున్నాయి. ఆ రోజు ఆయన బల్ల మీద సగం దాకా వచ్చిన ఒక నవల ఉంది, దానికింకా పేరు కూడా కుదరలేదు. తర్వాతి నెలలో ఆయన భార్య పేరు వెతికి పెట్టింది, 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' అని. జాన్ స్టైన్‌బెక్ గురించి చెప్తున్నాను. ఆ పుస్తకం రాస్తున్న మనిషికే ఆ అనుమానం వచ్చినప్పుడు నీకు రావడంలో వింతేముంది, దానికి జవాబు నా దగ్గర వెతకకు.

మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది, అది నీకు కష్టంగా ఉంటుంది. ఇప్పుడే పంపకు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే స్టైన్‌బెక్ కథ చెప్పాలి. నువ్వు రాసింది పాలమూరు నుంచి ముంబయి బస్సెక్కే కూలీల గురించి, ఆయన రాసింది ఓక్లహామా నుంచి పాత కార్లలో కాలిఫోర్నియాకి వచ్చిన కూలీల గురించి. నువ్వు ఇప్పుడున్న చోటుకి సరిగ్గా ఇలాగే కోపంతో ఆయన కూడా ఒకసారి వచ్చి నిలబడ్డాడు.

ఆయన పుట్టింది 1902లో, కాలిఫోర్నియాలోని శాలినాస్ అనే ఊళ్ళో. తండ్రి తర్వాతి రోజుల్లో కౌంటీ ట్రెజరర్‌గా పనిచేశాడు, తల్లి పెళ్ళికి ముందు బడిలో టీచరు. 1919లో స్టాన్‌ఫర్డ్‌లో చేరి, మధ్యమధ్యలో మానేసి చక్కెర బీట్ పొలాల్లో కూలీలతో కలిసి పనిచేసి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ మానేసి, 1925లో డిగ్రీ లేకుండానే బయటికొచ్చాడు. న్యూయార్క్ వెళ్ళి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కడుతుంటే అక్కడ సిమెంటు బండి తోశాడు. ఒక పత్రికలో రిపోర్టరుగా చేరితే ఆ ఉద్యోగమూ నిలవలేదు. తిరిగొచ్చి టాహో సరస్సు పక్కన ఒకరి ఎస్టేటుకి కాపలా ఉన్నాడు, చలికాలమంతా మంచు, మనిషి అలికిడి ఉండదు, అక్కడ కూర్చుని మొదటి నవల పూర్తిచేశాడు.

ఆ నవల దేని గురించో తెలుసా? హెన్రీ మోర్గన్ అనే పదిహేడో శతాబ్దపు సముద్రపు దొంగ గురించి! బీట్ పొలాల్లో పనిచేసి, సిమెంటు మోసి, ఇంత జీవితాన్ని కళ్ళతో చూసిన మనిషి, రాయడానికి కూర్చోగానే వెళ్ళి ఏనాటివో పనామా వైపు ఓడల గురించి రాశాడు. 1929లో 'కప్ ఆఫ్ గోల్డ్' పేరుతో వచ్చింది, దాదాపు 1500 కాపీలు అమ్ముడుపోయాయి, మూడు నెలలు తిరక్కుండానే అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. తర్వాతి రెండు పుస్తకాలూ అంతంతమాత్రమే. ఆ పుస్తకాలు చెడ్డవని అనను. కానీ తన ప్రాంతం పుస్తకానికి పనికొస్తుందని నమ్మడానికి ఆయనకు మొదటి పుస్తకం అయ్యేదాకా టైం పట్టింది. ఆ విషయంలో నువ్వు నయం, మొదటి పుస్తకానికే నీ జిల్లాని ఎంచుకున్నావు.

1930లో కేరల్ హెనింగ్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరూ పసిఫిక్ గ్రోవ్‌లో వాళ్ళ నాన్నకున్న చిన్న ఇంట్లో అద్దె లేకుండా ఉన్నారు, నాన్నే నెలకు 25 డాలర్లు పంపేవాడు. పెరట్లో కూరగాయలు, సముద్రంలో పట్టిన చేపలు, అలా గడిచింది. 'పెళ్ళయిన మగాడు నాన్న దగ్గర డబ్బు తీసుకుంటూ కథలు రాసుకుంటున్నాడు' అని శాలినాస్‌లో ఎవరూ అనుకోలేదంటే నేను నమ్మను, అది ఏ దేశమైనా చిన్న ఊరు చిన్న ఊరే. 1933లో తల్లికి పక్షవాతం వచ్చింది. ఈయన ఇంటికెళ్ళి నెలల తరబడి ఆమె దగ్గరే ఉన్నాడు. నాలుగు వాక్యాలు రాయడం, లేచి వెళ్ళి దుప్పటి మార్చడం, బెడ్‌పాన్ తీయడం, తిరిగొచ్చి తెగిన వాక్యాన్ని అందుకోవడం. ఒక పిల్లవాడూ, ఒక గుర్రప్పిల్లా ఉన్న 'ది రెడ్ పోనీ' కథలు ఆ రోజుల్లో వచ్చినవే. ఆఫీసు అయ్యేసరికి రాత్రి తొమ్మిదవుతోంది, ఇక ఏం రాస్తానన్నా అని నువ్వు రాశావు కదా, ఆ మాట చదివినప్పుడు నాకు ఆ ఇల్లే గుర్తొచ్చింది. నిన్ను తప్పుబట్టడానికి చెప్పడం లేదు, తెగిన వాక్యాన్ని మళ్ళీ అందుకోవచ్చని చెప్పడానికి చెప్తున్నాను.

1934లో తల్లి పోయింది. 1935 మే నెలలో తండ్రి పోయాడు, అదే నెలలో 'టోర్టియా ఫ్లాట్' వచ్చి ఆయనకు మొదటిసారి పేరూ డబ్బూ తెచ్చింది. ఆ 25 డాలర్లు పంపిన మనిషి ఆ పుస్తకం ఎంత ఆడిందో చూడలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు, ఎందుకో విడిగా చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక్కడ ఒక మనిషి గురించి ఆగి చెప్పాలి. ఎడ్ రికెట్స్. మాంటెరే ఊళ్ళో చేపల డబ్బాల ఫ్యాక్టరీల మధ్య ఆయనకొక చిన్న ల్యాబ్ ఉండేది, సముద్రపు జీవాల్ని సేకరించి కాలేజీలకు అమ్మేవాడు. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ గుంటల్లో మిగిలిపోయే పీతలు, నక్షత్ర చేపలు, పురుగులు, వాటిలో ఏది దేని పక్కన బతుకుతుంది, ఏది దేన్ని తింటుంది, ఇదీ ఆయన లోకం. స్టైన్‌బెక్ గంటలు గంటలు ఆ ల్యాబ్‌లో కూర్చునేవాడు. రికెట్స్ మాట ఒకటే: ఇది ఇలా ఎందుకు ఉండాలి, ఎవరి తప్పు అని అడిగే ముందు, ఇది ఎలా ఉందో పూర్తిగా చూడు. పీత మీద కోపం తెచ్చుకుంటే నీకు పీత కనిపించదు కదా. 1948లో రికెట్స్ కారుని రైలు ఢీకొట్టి ఆయన చనిపోయాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళ స్నేహం. స్టైన్‌బెక్ మంచి పుస్తకాల్లో ఆయన చూపు కలవనిది ఒక్కటీ లేదని నా నమ్మకం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 1936లో 'శాన్‌ఫ్రాన్సిస్కో న్యూస్' పత్రిక వలస కూలీల మీద వ్యాసాలు రాయమని అడిగింది. దుమ్ము తుపానులు, కరువు, బ్యాంకు అప్పులు, పొలాల్లోకి ట్రాక్టర్లు, ఇవన్నీ కలిసి ఓక్లహామా, ఆర్కన్సా, టెక్సస్ వైపు నుంచి లక్షల మందిని కాలిఫోర్నియాకి తోశాయి. పళ్ళు కోసే పని ఉందని కరపత్రాలు చూసి వచ్చేవాళ్ళు, వచ్చాక పది మంది చేసే పనికి వంద మంది నిలబడి ఉండేవాళ్ళు, కూలీ పడిపోయేది. ఊళ్ళోవాళ్ళు 'ఓకీలు' అని ఈసడించేవాళ్ళు. స్టైన్‌బెక్ ఒక పాత బేకరీ వ్యాన్ కొనుక్కుని ఆ గుడిసెల మధ్యకి వెళ్ళాడు. ఆర్విన్ అనే చోట ప్రభుత్వం నడిపే క్యాంపుకి టామ్ కాలిన్స్ అనే ఆయన మేనేజరు. ఈయన ప్రతివారం పై ఆఫీసుకి రిపోర్టులు పంపేవాడు, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఏం తిన్నారు, ఏ పాటలు పాడుకున్నారు, ఎవరితో ఎవరికి గొడవైంది, ఏ మాటని ఎలా పలుకుతున్నారు, అన్నీ. స్టైన్‌బెక్ ఆయన వెంట తిరిగాడు, ఆ రిపోర్టులు తెచ్చుకుని పదేపదే చదివాడు.

1938 ఫిబ్రవరిలో వైసాలియా వైపు వరదలొచ్చాయి. వేల కుటుంబాలు గుడారాల్లో నీళ్ళ మధ్య, తిండి లేక, పిల్లలకు జబ్బులు. ఈయన కాలిన్స్‌తో కలిసి ఆ బురదలో పనిచేశాడు. ఒక పెద్ద పత్రిక దీని మీద రాయమంటే ఒప్పుకోలేదు, ఈ మనుషుల బాధ మీద నేను డబ్బు చేసుకోలేను అని తన ఏజెంటుకి ఉత్తరం రాశాడు.

అలాంటి చోటు నుంచి ఇంటికొచ్చిన మనిషికి ఎంత కోపం ఉంటుందో ఊహించుకో. ఆ కోపంతోనే ఒక నవల రాశాడు. పేరు 'లఫేర్ లెటస్‌బర్గ్'. 1936లో శాలినాస్‌లో లెట్యూస్ తోటల కూలీలు సమ్మె చేస్తే ఊరి పెద్దలు కర్రలు పట్టుకుని గుంపుగా తిరిగారు, తన సొంత ఊరి పెద్దలు. వాళ్ళని చీల్చి చెండాడుతూ రాసిన వెటకారం పుస్తకం అది. దాదాపు 60 వేల మాటలు. మే నెలకి పూర్తయింది. అప్పటికే 'ఆఫ్ మైస్ అండ్ మెన్' నవలగా, నాటకంగా దేశమంతా తెలిసిపోయింది కాబట్టి ఏది రాసినా అచ్చవుతుంది, అమ్ముడవుతుంది. పబ్లిషర్ ఎదురుచూస్తున్నాడు.

స్టైన్‌బెక్ దాన్ని నాశనం చేసేశాడు. పబ్లిషర్‌కీ, ఏజెంటుకీ రాసిన ఉత్తరంలో ఆయన చెప్పిన కారణం నువ్వు జాగ్రత్తగా వినాలి. ఇందులో రాసిన సంఘటనలు అబద్ధాలని కాదు, చాలావరకు జరిగినవే. కానీ ఇన్నాళ్ళూ నా పని మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకునేలా చేయడం, ఈ పుస్తకం మాత్రం సగం అర్థం చేసుకుని ద్వేషించేలా చేస్తుంది, అన్నాడు. రాస్తున్నన్నాళ్ళూ పని బాగా సాగుతున్నప్పుడు కలిగే వెచ్చదనం ఒక్కసారి కూడా కలగలేదు అన్నాడు. మా నాన్న చూస్తే దీన్ని గడుసుతనం చూపించుకునే పుస్తకం అనేవాడు అని కూడా రాశాడు. చనిపోయి మూడేళ్ళయిన నాన్న.

నేను ఆ పని చేయలేదు తమ్ముడూ. నాకు నీ వయసున్నప్పుడు చేనేత వాళ్ళ మీద ఒక నవల రాశాను, ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది, ఉత్తరాలు కూడా బాగానే వచ్చాయి. సీరియల్ అయిపోయాక, నేను ఎవరిని చూసి రాశానో ఆ నేతాయన దగ్గరికి పత్రికలన్నీ కట్టగా పట్టుకెళ్ళి ఇచ్చాను. నెల తర్వాత వెళ్తే, టీ తెప్పించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మా కోపం బాగా రాశారు సార్. మా పని ఒక్కటీ రాయలేదు." గుంట మగ్గంలో పొద్దుటి నుంచి కాళ్ళు దించుకుని కూర్చుంటే సాయంత్రానికి మోకాళ్ళు ఎలా ఉంటాయో, పడుగులో ఒక్క పోగు తెగితే దాన్ని వేళ్ళతో వెతికి అతకడం ఎలాగో, చీర దిగిన రోజు ఇంట్లో ఎలా ఉంటుందో, ఏదీ నా నవల్లో లేదు. దళారి మాత్రం ప్రతి పేజీలో ఉన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ నవలని పుస్తకంగా వేయడానికి నేను ఒప్పుకోలేదు, కానీ అచ్చయిపోయినదాన్ని వెనక్కి తీసుకోలేం కదా.

నీ నవల్లో కూలీల్ని పనికి తీసుకెళ్ళే గుంపు మేస్త్రీ మొదటి పేజీలో దుర్మార్గుడు, 140వ పేజీలోనూ దుర్మార్గుడే. మధ్యలో ఒక్కసారైనా అతనికి జ్వరం రాలేదు, పైనున్న కాంట్రాక్టరు డబ్బు పంపక కూలీల ముందు తల దించుకోలేదు, ఇంటి నుంచి ఫోన్ రాలేదు. నువ్వు రాసిన మోసాలన్నీ జరుగుతాయి, నాకు తెలుసు, అడ్వాన్సు ఇచ్చి ఏడాదంతా పని చేయించుకుని చివరికి ఇంకా బాకీ ఉందని చెప్పడం నేనూ చూశాను. అయినా అతను నాకు మనిషిలా కనిపించలేదు. అతను మనిషి కాకపోవడంతో ఏమైందంటే, అతని చేతిలో నలిగిపోయినవాళ్ళు కూడా నాకు బొమ్మల్లాగే కనిపించారు. నీ నవల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

స్టైన్‌బెక్ ఏం చేశాడో చూడు. పాత నవల పారేసిన కొద్ది రోజులకే, మే నెలాఖరులో, కొత్తది మొదలుపెట్టాడు. అందులో ఐదో అధ్యాయంలో ఒక ట్రాక్టరు వస్తుంది, కౌలుదారు ఇంటిని కూల్చడానికి. నడిపేవాడు ఎవరు? అదే ఊరివాడు, తెలిసినవాళ్ళ కొడుకు. రోజుకి మూడు డాలర్లు వస్తాయి, నాకూ పెళ్ళాం పిల్లలున్నారు అంటాడు. కౌలుదారు తుపాకీ తీస్తానంటాడు. నన్ను చంపితే రేపు ఇంకొకడు వస్తాడు అంటాడు వీడు. అయితే నీకు చెప్పినవాడిని కాలుస్తాను. వాడికి బ్యాంకు చెప్పింది. అయితే బ్యాంకు ప్రెసిడెంటుని. ఆయనకి ఇంకెక్కడి నుంచో ఆర్డర్లు. మరి నేను ఎవరిని కాల్చాలి? ఆ పేజీ చదివినప్పుడు నాకు ఏ వెటకారం పుస్తకం చదివినా రాని కోపం వచ్చింది, ఎందుకంటే ఆ కోపాన్ని దింపుకోవడానికి ఆయన నాకొక మనిషిని ఇవ్వలేదు.

పదిహేనో అధ్యాయం ఇంకా గొప్పది, వీలైతే దాన్ని నీ చేత్తో ఒకసారి కాగితం మీద ఎత్తిరాసుకో. రోడ్డు పక్క చిన్న హోటల్. మే అనే సర్వరు. ఒక వలస కుటుంబం ఆగుతుంది, ఆయన లోపలికొచ్చి పది సెంట్లకు బ్రెడ్డు ఇమ్మంటాడు. రొట్టె ఖరీదు పదిహేను. మే కసురుకుంటుంది, మాది కిరాణా కొట్టు కాదు అన్నట్టు. లోపల్నుంచి వంటాయన ఇచ్చెయ్ అని అరుస్తాడు. ఇస్తుంది. ఆయన వెంట వచ్చిన ఇద్దరు పిల్లలు గాజు పెట్టెలో చారల మిఠాయిని చూస్తూ నిలబడతారు. అవి ఎంతమ్మా అని ఆయన అడిగితే, సెంటుకి రెండు అంటుంది. వాళ్ళు వెళ్ళాక అక్కడ కూర్చున్న లారీ డ్రైవరు అంటాడు, అవి ఒక్కోటి ఐదు సెంట్లు కదా అని. నీకేంటి, అన్నట్టు కోపంగా సమాధానం చెప్తుంది. అంతే. ఎక్కడా ఆమె మంచిదని రచయిత అనడు. ఆ సన్నివేశం ముందు రెండు పేజీల పాటు ఆమె మనకి నచ్చకుండా ఉండేలా రాశాడు, అది చూడు ముందు.

ఆ నవల రాయడానికి దాదాపు వంద పని దినాలు పట్టింది. 1938 అక్టోబర్ 26న ముగించాడు. దాదాపు రెండు లక్షల మాటలు. పెద్ద లెడ్జరులో చీమల్లాంటి అక్షరాలతో రాసేవాడు, కేరల్ టైపు చేసేది. రోజూ పని మొదలుపెట్టే ముందు డైరీలో కొంచెం రాసుకునేవాడు, చేయి ఆడటానికి. ఆ డైరీ చదివితే ఎంత ధైర్యమొస్తుందో చెప్పలేను. పక్కింట్లో సుత్తి చప్పుడు, చుట్టాలు, ఒంట్లో బాగోకపోవడం, మధ్యలో పబ్లిషర్ దివాలా తీయడం, ఇంటి బేరాలు, అన్నీ ఉన్నాయి. ఇది మామూలు పుస్తకమే, నా శక్తి అంతా పెడితే ఇంతే వచ్చింది అని ఇంకో వారంలో అయిపోతుందనగా రాసుకున్నాడు. అన్నీ రాసుకుని, ఆ రోజు రాయాల్సిన పేజీలు రాసేసేవాడు.

దాని ఖరీదు కూడా చెప్పాలి. పుస్తకం అంకితం కేరల్‌కీ, టామ్ కాలిన్స్‌కీ ఇచ్చాడు, ఈ పుస్తకం కావాలని పట్టుబట్టిన కేరల్‌కి, దీన్ని బతికిన టామ్‌కి అని. కానీ 1943 నాటికి కేరల్‌తో విడాకులయ్యాయి. పేరు పెట్టింది ఆమె, టైపు చేసింది ఆమె, కాగితాల మీద తప్పులు చూపించింది ఆమె. రాసేవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి మనుషులుంటారు, నీ ఇంట్లో కూడా ఉన్నారు, నీ మొదటి ఉత్తరంలోనే తన గురించి రాశావు. పని అయ్యాక చెప్దాంలే అనుకోకు, ఇప్పుడే చెప్పు, రాత్రి రాయడం అయ్యాక గిన్నెలు కూడా తోము.

ఇంకొకటుంది, స్టైన్‌బెక్‌ని ప్రేమించేవాళ్ళు దీన్ని దాటేస్తుంటారు, నేను దాటలేను. అదే క్యాంపుల్లో సనోరా బాబ్ అనే యువ రచయిత్రి పనిచేసింది. తనూ ఆ దుమ్ము నేలల్లోనే పెరిగింది. కాలిన్స్ అడిగితే తను రాసుకున్న నోట్సు ఇచ్చింది, వాటిని ఆయన స్టైన్‌బెక్‌కి చూపించాడు. ఆమె కూడా అదే జీవితం మీద నవల రాసింది, న్యూయార్క్‌లో పబ్లిషర్ వేస్తానన్నాడు. ఈలోగా 1939లో 'గ్రేప్స్ ఆఫ్ రాత్' వచ్చి ఊపేసింది, ఇక అదే విషయం మీద రెండో నవలకి మార్కెట్ లేదని ఆమెది ఆపేశారు. అది అచ్చయింది 2004లో, ఆమెకి 97 ఏళ్ళప్పుడు. స్టైన్‌బెక్ ఆమెను ముంచాలని చేశాడని నేను అనను. కానీ నీకు ఎవరైనా వాళ్ళ బతుకు చెప్తే, వాళ్ళ నోట్సు ఇస్తే, ఆ పేరు రాసిపెట్టుకో. నీ ఊళ్ళోనే ఎవరో అమ్మాయి దీని మీదే రాస్తూ ఉండొచ్చు, ఆమెను వెతికి పట్టుకో, ఆమెది చదువు, నీదాని గురించి మాట్లాడినప్పుడల్లా ఆమె గురించి కూడా మాట్లాడు.

1939 ఏప్రిల్‌లో పుస్తకం వచ్చింది. అంతకుముందే పబ్లిషర్లు చివరి సన్నివేశం మార్చమన్నారు. నవల్లోని వలస కుటుంబం జోడ్‌ల అమ్మాయి, బిడ్డను పోగొట్టుకున్న రోజషార్న్, ఆకలితో చచ్చిపోతున్న ఒక ముక్కూమొహం తెలియని మనిషికి పాలిచ్చే సన్నివేశం అది. మార్చనన్నాడు. ఆ మనిషి వాళ్ళకి చుట్టమో స్నేహితుడో అయితే బాగుంటుందని వాళ్ళు అన్నారు, ఎవరో తెలియనివాడు కావడమే అసలు సంగతి అని ఈయన అన్నాడు. ఏడాది తిరిగేలోపే నాలుగు లక్షలకు పైగా కాపీలు వెళ్ళాయి. 1939 ఆగస్టులో కెర్న్ కౌంటీ వాళ్ళు, అంటే జోడ్ కుటుంబం కథలో పనిచేసిన ప్రాంతం వాళ్ళే, లైబ్రరీల్లో, బళ్ళల్లో దాన్ని నిషేధించారు, కాల్చారు కూడా. అబద్ధాలు రాశాడన్నారు. 1940లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్ ఆ క్యాంపులకి స్వయంగా వెళ్ళి చూసి, ఆ పుస్తకంలో అతిశయోక్తి ఉందని నేనెప్పుడూ అనుకోలేదు అని చెప్పింది. ఆ ఏడాదే నవలకి పులిట్జర్ బహుమతి వచ్చింది. వెటకారం నవల అచ్చేసి ఉంటే శాలినాస్ పెద్దలు నవ్వి ఊరుకునేవాళ్ళేమో అనిపిస్తుంది నాకు. నిజంగా చూసి రాసినదాన్ని మాత్రం కాల్చాల్సి వచ్చింది.

తర్వాతి జీవితం త్వరగా చెప్తాను. 1951లో 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్' రాస్తున్నప్పుడు నోట్‌బుక్‌లో కుడి పేజీలో నవల, ఎడమ పేజీలో తన ఎడిటర్ పాస్కల్ కొవిచికి ఉత్తరం, రోజూ అలా రాశాడు. ఆ ఉత్తరాల్లో సగం పెన్సిళ్ళ గురించే ఉంటుంది, పొద్దున్నే రెండు డజన్ల పెన్సిళ్ళు చెక్కి పెట్టుకునేవాడు, పలకలున్నవి వేళ్ళు కోస్తాయని గుండ్రటివి వెతికేవాడు. 1962లో నోబెల్ వచ్చింది. దీనికి మీరు అర్హులా అని విలేకరి అడిగితే, నిజం చెప్పాలంటే కాదు, అన్నాడు. ఆ తర్వాత ఇంకో నవల రాలేదు. 1966, 67లో వియత్నాం వెళ్ళి రాసిన రిపోర్టుల్లో అమెరికా సైన్యం వైపే నిలబడ్డాడు, చాలామంది పాఠకుల మనసు విరిగింది, నాది కూడా విరిగింది. బేకరీ వ్యాన్‌లో వెళ్ళినప్పుడు గుడిసెలో కూర్చున్నాడు, ఈసారి సైన్యం హెలికాప్టర్ల నుంచి చూశాడు. 1968 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో చనిపోయాడు. అస్థికలు శాలినాస్‌కే తీసుకొచ్చారు, ఒకప్పుడు తిట్టిన ఊరు ఇప్పుడు లైబ్రరీకి ఆయన పేరు పెట్టుకుంది.

నోబెల్ వచ్చిన ఏడాదే, రాయడానికి అవస్థ పడుతున్న ఒక స్నేహితుడికి ఆయన కొన్ని మాటలు రాశాడు, అందులో నీకు పనికొచ్చేవి రెండు. 400 పేజీలు రాయాలి అనుకోకు, రోజుకి ఒక పేజీ అనుకో, అయిపోయినప్పుడు నువ్వే ఆశ్చర్యపోతావు. రెండోది, సంభాషణ రాస్తుంటే పైకి చదువుతూ రాయి. ఈ రెండోది నీకు చాలా అవసరం. 52వ పేజీలో బాలమ్మ "మన శ్రమకు విలువ లేకుండా పోయింది" అంటుంది. ఒకసారి గదిలో ఒంటరిగా నిలబడి ఆ వాక్యం పైకి అను. పన్నెండు గంటలు రాళ్ళు మోసి వచ్చిన మనిషి నోట్లో ఆ మాట పడుతుందా? ఆమె అసలు ఏమంటుందో నాకు తెలియదు, నువ్వు వెళ్ళి వినాలి. పాలమూరు మాటలోనే రాయి, హైదరాబాదులో చదివేవాళ్ళకి అర్థం కాదేమో అని భయపడకు.

దసరాకి మీ ఊరు వెళ్తున్నానన్నావు, కూలీలు చాలామంది అప్పుడు ఇళ్ళకి వస్తారు కూడా. నోట్‌బుక్ తీసుకెళ్ళు, కానీ మొదటి రెండు రోజులు బయటికి తీయకు. పని చేయి వాళ్ళతో. తర్వాత ఆ గుంపు మేస్త్రీ ఇంటికి వెళ్ళు. అతని మీద నీకున్న కోపం నీ దగ్గరే ఉంచుకో, దాన్ని వదిలేయమని నేను చెప్పడం లేదు. వాళ్ళావిడ ఇచ్చే టీ తాగు. అతనూ ఒకప్పుడు ఇలాగే బస్సెక్కిన కూలీయేనా, ఎన్నేళ్ళు మోశాడు, పేర్లూ బాకీలూ రాసుకునే పుస్తకం ఎవరి చేత రాయిస్తాడు, అతనికి అప్పెంతుంది, రాత్రి నిద్రపడుతుందా, ఇవన్నీ అడుగు. అడిగింది అడిగినట్టు రాసుకో. నాకు పంపు, కథగా మార్చకుండా పంపు.

ఇక 87వ పేజీ సంగతి. కొడుకూ కోడలూ ముంబయిలో ఉంటే ఊళ్ళో మనవడితో ఉన్న ముసలమ్మ, ఫోన్‌లో బ్యాలెన్స్ లేక, రోజూ రాత్రి ఎనిమిదింటికి మిస్డ్ కాల్ మాత్రం ఇస్తుంది, అవతల నుంచి ఇంకో మిస్డ్ కాల్ వస్తుంది, అంటే అందరూ బాగున్నట్టు, అప్పుడు దీపం తగ్గించి పడుకుంటుంది. ఆ పేజీలో మేస్త్రీ లేడు, ఉపన్యాసం లేదు. రెండోసారి చదువుతున్నప్పుడు అక్కడ నా పెన్సిల్ ఆగిపోయింది, ఒక్క గీతా పెట్టలేదు. మిగతా 139 పేజీల్ని ఏం చేయాలో నీ ఇష్టం. ఆ ఒక్కటీ మాత్రం జిరాక్స్ తీయించి నా దగ్గర ఉంచుకున్నాను, నువ్వు పోగొట్టుకుంటే నన్ను అడుగు.

మీ అన్నయ్య